టెక్లా ఊడదీయించిన గ్లాసు

కాన్సస్ మైదానంలో నీహెమ్ అని స్వీడన్ వాళ్ల ఊరు. ఆ ఊరి దుకాణాల వీధి మలుపులో చేతిపంపుకు గొలుసుతో కట్టిన రేకు గ్లాసు ఒకటి ఉండేది. ఊరు వెలిసిన ఏడే దాన్ని చేసి అక్కడ బిగించినవాడు స్వాంటే నొరెల్. అతనిది రేకుపని. ఊళ్లో పాల క్యాన్లు, గరాటులు, చూరు గొట్టాలు అన్నీ అతని చేతివే అయినా, కొత్తవాళ్లు ఎవరైనా వస్తే అతను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించేది మాత్రం ఆ గ్లాసునే. గోధుమ కోతలకు వచ్చిన కూలీలు, రైలు దిగినవాళ్లు, బడి వదిలిన పిల్లలు, ఎండలో చర్చికి నడిచొచ్చిన ముసలమ్మలు, అందరి దాహమూ దాంతోనే తీరేది. తాగి, అడుగున మిగిలిన గుక్కెడు నేల మీద పారబోసి, పక్కవాళ్లకు అందించడం అక్కడి మర్యాద. అందించకుండా పోయినవాణ్ణి ఊరు ఊరంతా చెప్పుకునేది.

ఆ గ్లాసును ఊడదీయించిన మనిషి టెక్లా సాండాల్.

ఆవిణ్ణి సంఘసంస్కర్త అంటే కోపం వచ్చేది. "నేను జాకెట్లు కుట్టుకునేదాన్ని, ఆ పెద్ద పెద్ద మాటలు టోపీలు పెట్టుకునే అమ్మగార్లకు చెప్పుకోండి" అనేది. నిజమే, ఆవిడ బతుకంతా కుట్టుమిషను మీదే గడిచింది. పెళ్లి కాకముందే ఓడెక్కి వచ్చి, ఒక రైతింట్లో పాలు పితికే పనికి కుదిరి, ధాన్యం గోదాములో బస్తాలు మోసే అల్బిన్‌ను చేసుకుంది. అల్బిన్ మంచివాడు. నవ్వితే వీధి చివరికి వినపడేది. ఆ నవ్వు మెల్లగా దగ్గయింది. రెండు చలికాలాలు దగ్గి, మనిషి చిక్కి సగమై చనిపోయాడు. మంచం పట్టేదాకా సాయంత్రం పని దిగగానే పంపు దగ్గరికే వెళ్లేవాడు. అతని ప్రాణ స్నేహితుడు స్వాంటే పంపు కొట్టి, గ్లాసు నింపి చేతికిచ్చేవాడు. అల్బిన్ పోయిన మరుసటేడే స్వాంటే కూతురు ఎబ్బా, జడలు వేసుకుని బడికి పోయే పిల్ల, అదే దగ్గుతో పోయింది.

ఈ రెండు చావులనూ కలిపి ఎవరూ ఆలోచించలేదు. చర్చి కింది గదిలో ఆడవాళ్ల కుట్టుపని సమావేశానికి రాష్ట్ర రాజధాని టొపీకా నుంచి ఒక నర్సు వచ్చి మాట్లాడేదాకా ఎవరికీ ఆ ఊహే రాలేదు. రైళ్లలో, స్టేషన్లలో, బడుల్లో అందరూ ఒకే గ్లాసుతో తాగకూడదని రాష్ట్రం అప్పుడే ఉత్తర్వు తెచ్చింది. ఎందుకో చెప్పడానికి వచ్చిందా నర్సు. క్షయ నోటి తడిలోంచి పాకుతుందనీ, ఎంగిలి గ్లాసు అంచు మీద కూర్చుని తర్వాతి నోటి కోసం కాచుకుని ఉంటుందనీ చెప్పింది. మిగతావాళ్లు తల ఊపుతూ అల్లుకుంటూనే ఉన్నారు. టెక్లా చేతిలో సూది ఆగిపోయింది.

ఇంటికి పోతూ పంపు దగ్గర చాలాసేపు నిలబడింది. దగ్గుతున్న అల్బిన్, అతని చేతిలోంచి గ్లాసు అందుకున్న ఎబ్బా, ఇద్దరూ ఆవిడ కళ్లముందు కదిలారు. ఆ మాట నోటితో అంటే స్వాంటే గుండె పగులుతుంది. అనకపోతే బడిపిల్లలు రేపు కూడా అదే గ్లాసు అందుకుంటారు. పాపం టెక్లా, ఆ పేర్లు కడుపులో దాచుకుని గ్లాసు మీద మాత్రమే యుద్ధం మొదలుపెట్టింది.

రాష్ట్ర ఉత్తర్వు వీధి పంపుల జోలికి రాలేదు. దాన్ని తీయాలంటే ఊరి కౌన్సిలే తీయాలి. ఊరి ఎన్నికల్లో ఆడవాళ్లకు ఓటు ఎప్పటినుంచో ఉంది కానీ, చాలామంది ఇస్త్రీ పని ఉందని ఆ పూట ఇల్లు కదిలేవారు కారు. టెక్లా గడప గడపా ఎక్కింది. నీహెమ్‌లో ఇంటికొచ్చిన మనిషికి కాఫీ ఇవ్వకపోవడం తప్పు, ఇచ్చిన కాఫీ తాగకపోవడం అంతకన్నా పెద్ద తప్పు. టెక్లా దాన్నే పట్టుకుంది.

"ముందు ఓటేస్తానని చెప్పు, తర్వాత తాగుతా."

"అయ్యో టెక్లా అక్కా, కాఫీ చల్లారిపోతోంది! మా ఆయనేమంటాడో..."

"మీ ఆయనకు వంట చేసేటప్పుడు ఉప్పెంతో అడిగి వేస్తున్నావా? చెప్పు, చల్లారుతోందిగా."

అలా ఆవిడ ఆ వసంతంలో తాగిన చల్లటి కాఫీకి లెక్కలేదు. మగవాళ్లు మంగలి దుకాణంలో కూర్చుని పగలబడి నవ్వారు. "ఈ రాష్ట్రంలో సారా ఎప్పుడో తీసేశారు. ఇప్పుడు నీళ్లు కూడా తీసేస్తారట్రా!" అన్నాడొకడు. స్వాంటే మాత్రం నవ్వలేదు. పంపు దగ్గర నలుగురిలో ఆవిణ్ణి నిలబెట్టి అడిగాడు.

"ఇన్నేళ్లు నా గ్లాసుతో తాగి, ఇప్పుడది విషమంటావా? అల్బిన్ బతికుంటే నిన్ను చూసి సిగ్గుపడేవాడు."

టెక్లా దగ్గర జవాబు ఉంది. ఆ ఒక్క జవాబుతో అతని నోరు మూతపడేది. ఆవిడ చెప్పలేదు.

"అల్బిన్ గురించి నువ్వు నాకు చెప్పక్కర్లేదు, స్వాంటే" అని మాత్రం అంది.

"పో. ఇకనుంచి నీ గ్లాసు నువ్వే తెచ్చుకో!"

ఎన్నికల్లో ఆడవాళ్లు ఇస్త్రీపెట్టెలు పక్కన పెట్టి వచ్చారు. కొత్త కౌన్సిలు పంపు తీసేసి, నీళ్లు పైకి చిమ్మే కుళాయి పెట్టింది. మొదట్లో ప్రతివాడి ముక్కూ తడిసేది, అందరూ టెక్లానే తిట్టుకునేవారు. గొలుసు తెంపి గ్లాసును ఇంటికి తీసుకుపోయింది స్వాంటేనే. ఆ రోజు నుంచి అతను టెక్లాతో మాట్లాడలేదు. చర్చిలో ఎదురుపడితే టోపీ తీసేవాడు, అంతే. ఇద్దరూ మొండిఘటాలే.

రాష్ట్రంలో ఆడవాళ్లకు అన్ని ఎన్నికల్లోనూ ఓటు వచ్చిన ఆ చలికాలంలో టెక్లాకు దగ్గు మొదలైంది. ఎవరికీ చెప్పకుండా రైలెక్కి పక్క ఊరి డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన వీపుకు చెవి ఆనించి విని, క్షయ అల్బిన్ దగ్గరే అంటుకుని ఇన్నేళ్లూ లోపల అణిగి ఉండొచ్చన్నాడు. టెక్లా ఏడవలేదు. కుట్టడానికి తీసుకున్న బట్టలు తిరిగి ఇచ్చేసింది, ఎవరి ఇంట్లోనూ కాఫీ తాగడం మానేసింది. ఒక్కటి మాత్రం మానలేక మానింది. పదిహేనేళ్ల వయసు నుంచి ఒక్కసారి కూడా తప్పనిది చర్చిలో ప్రభువు బల్ల. అందరూ వరసగా మోకరిల్లితే, పాస్టరు ద్రాక్షారసం నింపిన ఒకే వెండి గిన్నెను ఒక్కో నోటికీ అందించి, తెల్లగుడ్డతో తుడిచి, కాస్త తిప్పి, పక్కనోటికి ఇస్తాడు. పంపు గ్లాసును ఊడదీయించిన మనిషి ఆ గిన్నెకు పెదవి ఆనిస్తుందా? ఆనించకుండా ఆవిడ ప్రాణం పోతే? ఆవిడ భయమంతా అదే. చావంటే అంత భయం లేదు.

ప్రభువు బల్ల రోజు వెనక బెంచీలో కిటికీ పక్కన కూర్చుండిపోయింది. మళ్లీసారీ అంతే. ఇక ఊరు ఊరుకుంటుందా? నీహెమ్‌లో బల్ల దగ్గరికి రానివాళ్లకు ఒకటే అర్థం. ఎవరితోనో పగ ఉంది, క్షమించలేకపోతున్నారు. టెక్లాకు ఎవరితో పగో చెప్పాల్సిన పనిలేదు. అందరూ స్వాంటే వైపు చూశారు. అతను చర్చి పెద్ద. ఆ వెండి గిన్నెను తుడిచి బల్ల మీద పెట్టేది అతనే.

స్వాంటే రెండు వారాలు ఓర్చుకున్నాడు. ఒక మధ్యాహ్నం టోపీ చేత్తో పట్టుకుని టెక్లా ఇంటి మెట్లెక్కాడు. ఆవిడ తలుపు తీయలేదు. కిటికీ అద్దం కాస్త పైకెత్తింది.

"నా మీద కోపం దేవుడి మీద చూపిస్తావా, టెక్లా? తప్పు నాదే అనుకో. అల్బిన్ పేరెత్తకుండా ఉండాల్సింది. క్షమించు, వచ్చి బల్ల దగ్గర మోకరిల్లు."

"నీ మీద నాకు కోపం లేదయ్యా."

"మరి తలుపెందుకు తీయవు? కాఫీ పొయ్యి మీదే ఉందిగా, వాసనొస్తోంది. ఒక కప్పు కూడా ఇవ్వకుండా పంపేస్తావా?"

"నా ఇంటి కప్పు నీకు ఇవ్వను" అంది టెక్లా. అంతలో దగ్గొచ్చింది. రుమాలు అడ్డం పెట్టుకుంది కానీ, ఆలస్యమైంది. అతను నెత్తురు చూశాడు.

స్వాంటే మెట్ల మీద కూర్చుండిపోయాడు. కూతురి రుమాళ్లు ఉతికిన మనిషికి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"ఎబ్బా కూడా ఆ గ్లాసుతోనే తాగేది. అల్బిన్ తర్వాత."

అప్పుడు కిటికీ వైపు తిరిగాడు.

"నీకు తెలుసు. అప్పుడే తెలుసు. నలుగురిలో నేను నిన్ను అన్ని మాటలంటే, ఆ ఒక్కమాట నువ్వు అనలేదు."

"నువ్వు మంచి మనసుతో కట్టావు, స్వాంటే. అల్బినూ మంచి మనసుతోనే అందించాడు పిల్లకి. ఎవర్ని తిట్టను నేను?"

స్వాంటే ఏడ్చాడు. ముసలి మగవాడు పట్టపగలు వీధి మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే టెక్లా కిటికీ దించలేదు. ఆ గాలిలో అలా నిలబడే ఉంది.

ఈస్టరు ఆదివారం చర్చి కిక్కిరిసింది. వెండి గిన్నె వరసంతా తిరిగింది. అది బల్ల మీదికి చేరాక, పాస్టరు ముందే మాట్లాడుకున్నట్టు స్వాంటే వైపు చూశాడు. స్వాంటే తెల్లగుడ్డ మడతలోంచి రేకు గ్లాసు తీశాడు. కొత్తగా కళాయి పూసి మెరిపించాడు. గొలుసు కొక్కెం కోసేసిన చోట మాత్రం మచ్చ అలాగే ఉంది. దాన్ని గుర్తుపట్టని మనిషి ఆ చర్చిలో లేడు. పాస్టరు ద్రాక్షారసం పోసుకుని, నడవ వెంట వెనక బెంచీ దాకా నడిచాడు. స్వాంటే గుడ్డ పట్టుకుని వెంట వెళ్లాడు.

"నీ గ్లాసు నువ్వే తెచ్చుకోమన్నాను కదా" అన్నాడు స్వాంటే, గొంతు తగ్గించి. "నేనే తెచ్చాను. ఇక ఇది నీ ఒక్కదానిది."

టెక్లా రెండు చేతులతో గ్లాసు అందుకుంది. పాస్టరు చెప్పవలసిన మాటలు చెప్పాడు. ఆవిడ కళ్లు మూసుకుని అడుగంటా తాగింది. కళ్లు తెరిచేసరికి స్వాంటే చెయ్యి చాచి ఉంది. పంపు దగ్గర ఇన్నేళ్ల అలవాటు. తాగినవాళ్లు అందిస్తారు, పక్కవాళ్లు అందుకుంటారు. తన చెయ్యి ఏం చేస్తోందో అతనికే తెలియదు.

టెక్లా గ్లాసును గుండెకు హత్తుకుంది.

"ఇవ్వను" అంది, కళ్లలో నీళ్లతో నవ్వుతూ. "నా ఒక్కదానిదన్నావుగా."