రాజమల్లయ్య పిట్టల మేపు

రాజమల్లయ్యకు ఒకటే పిచ్చి: పిట్టలకు గింజలు ఎంచడం. సిద్దిపేటలో పిల్లనిచ్చేవాళ్లు కూడా పిల్లగాణ్ణి అంత గుచ్చిగుచ్చి చూసి ఉండరు. జొన్న పంటికింద కొరికి, కొర్ర అరచేతిలో ఊది, సజ్జ ఎండకు పట్టి, నచ్చితే పిట్టలకు, నచ్చకపోతే ఇంట్లో వంటకు. ఆయన పెరట్లో మేసిన పిచ్చుకలు ఒళ్లు బరువెక్కి, ఎగరలేక, కొండపాక దాకా నడిచే పోయేవి. నమ్మనివాళ్లు కొండపాకలో అడగొచ్చు.

భార్య కనకవ్వకు మాత్రం ఒళ్లు మండేది. యుద్ధం రోజులాయె. సర్కారుకు కొలవాల్సిన లెవీకి పోగా మిగిలిన గింజలు గుమ్మి అడుగున ఉన్నాయి. వానకాలం పంట దాకా ఇల్లు వాటితోనే గడవాలి. ఈయనేమో వాటినే చేటలో పోసుకుని, పిట్టల కోసం రాళ్లు ఏరుతూ కూర్చునేవాడు.

"రాళ్లుంటేనే పిట్టకు అరుగుతదయ్యా. మన పండ్లకింద పడుతున్నయి, గవి ఏరు."

"పిట్టకు పండ్లేడుంటయే? సుకంగ మింగాలె గద."

పోసే సామానుకూ అంతే పట్టింపు. పిడత కట్టాడు, లోతెక్కువని తీసేశాడు. ఈతబుట్ట కట్టాడు, ఒక్క గింజా రాలడం లేదని విప్పేశాడు. చివరికి ఎండిన సొరకాయ బుర్రకు కంత పెట్టి, పక్కింటి ఐలవ్వ గోడ మీదికి వంగిన వేపకొమ్మకు వేలాడదీశాడు. పిట్ట వాలితే చాలు, పిడికెడు గింజలు అవతల పడేవి. కంత చిన్నగా చెయ్యమని కనకవ్వ మొత్తుకుంటే, ఇంకో బుర్ర తెచ్చి కోడి దూరేంత కంత పెట్టాడు.

ఒకనాడు గింజలకని పోతే, కొలిచే సోల గుమ్మి అడుగును గీరింది. కనకవ్వ కొంగు నడుముకు చెక్కి, రాలినవన్నా ఎత్తుకొద్దామని చేట పట్టుకుని ఐలవ్వ వాకిట్లోకి పోయింది.

ఐలవ్వ మొగుడు పోయినప్పటి నుంచి కూలి చేసి ఇద్దరు పిల్లల్ని సాకుతోంది. ఎవరేమిచ్చినా "మేం తిన్నం" అంటుందే తప్ప చెయ్యి చాపదు. కానీ పిట్ట ముక్కు నుంచి జారింది ఎవరి జాగలో పడితే వాళ్లది. అది ఒకరు పెట్టినట్టు కాదు.

గోడకింద ఎర్రమన్నుతో నున్నగా అలికిన జాగలో ఐలవ్వ గింజలు ఊడ్చి ఎత్తుతోంది. పొయ్యి మీద ఎసరు మసులుతోంది. పిల్లలు దానివైపే చూస్తున్నారు.

"మీ పిట్టలకు ఒద్దిక లేదక్కా," అంది ఐలవ్వ. "తినేది కొంత, పారబోసేది కొండంత. మన్నుల కలుస్తయని ఎత్తుతున్న."

కనకవ్వ తన చేటను వీపు వెనక్కి దాచింది. "ఏం జెప్పాలె చెల్లె. వాటిని మేపేటాయనే అట్లుండె."

ఇంటికొచ్చి మొగుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టింది. నాకొక్క మాట చెప్తే నోరు పడిపోతదా అంది. చెప్తే గిన్నెల వోసి సక్కగ చేతికిస్తవ్, ఆమె తీసుకోదు అన్నాడాయన.

"ఇగ మనకు అంబలి పల్చగ కాసుకుందం తియ్యి," అని గొణుగుతూ, కనకవ్వ పీట ఎక్కి, బుర్ర పక్కన చింతపండు ముద్దా, నాలుగు ఎండుమిరపకాయలూ కట్టింది. ముడి కావాలనే వదులుగా వేసింది.

"ఏ పిట్ట తింటదే చింతపండు?"

"మరి వట్టి బువ్వ ఎట్ల దిగుతదయ్యా వాటికి?"