తాళం వేసిన ఇళ్ళు

నా పేరు చెప్పను. ఆ మాత్రం పిరికితనం ఇంకా మిగిలే ఉంది. గుండెల మీద ఈ బండ పెట్టుకుని ఏళ్ళు గడిపాను. ఎవరికైనా చెప్పుకుందామని నోటిదాకా వచ్చిన ప్రతిసారీ మింగేశాను. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

తొంభైల చివర్లో విజయవాడలో ఒక కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాణ్ణి. జబ్బు చేస్తే పల్లెల్లో జనం ఎక్కడికి వెళతారు, సర్కారు వైద్యం ఎంతవరకు వాడుకుంటారు అన్నది నా పరిశోధన. ఢిల్లీలో ఒక పెద్ద ప్రొఫెసర్ గారితో కలిసి మొదటి వ్యాసం రాస్తున్నాను. విదేశీ పత్రికలో రాబోతోంది. ఇక నా కాళ్ళు నేల మీద లేవు.

పామర్రు అవతల ఒక ఊరు ఎంచుకున్నాం. అక్కడ సర్కారు వైద్యానికి ఒంటిగది సబ్‌సెంటరు, అందులో ఒక నర్సమ్మ. ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నింపే పని షమీమ్ గారిది. వన్‌టౌన్‌లో బట్టల కొట్టు వాళ్ళమ్మాయి, నా దగ్గరే ఎమ్మే చదివింది. నెమ్మదైన మనిషే గానీ, తప్పు కనిపిస్తే ఊరుకునే రకం కాదు.

మేం వెళ్ళింది నాట్ల రోజుల్లో. అదీ నా తెలివి! కాలవలకు నీళ్ళొదిలాక డెల్టాలో పగలు ఇంట్లో ఎవరుంటారు? పదింటికి రోడ్డు మీద బస్సు దిగి, డొంక వెంట నడిచివెళ్ళి చూస్తే కూలివాళ్ళ పేటంతా తాళాలు. ఆడవాళ్ళంతా బురదలో వంగి నాట్లేస్తున్నారు. నర్సమ్మ కూడా సంచీ భుజాన వేసుకుని గట్ల వెంటే తిరుగుతోంది. కడుపుతో ఉన్నవాళ్ళను గట్టు మీద కూర్చోబెట్టి చూస్తోంది, మాత్రలిస్తోంది. అవేవీ రిజిస్టరులో ఎక్కవు. ఇదంతా నా కళ్ళతోనే చూశాను. చూడలేదని మీ దగ్గర అబద్ధమాడను.

సాయంత్రం దాకా ఆగితే అందరూ దొరికేవాళ్ళు. నేను ఆగలేదు. ప్రొఫెసర్ గారు వారంలోగా పంపమన్నారు. తాళం వేసిన ఇళ్ళన్నిటికీ 'సెంటరుకు వెళ్ళరు' అని నా చేత్తో నేనే రాసేశాను. కంగారులో జరిగిందని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కంగారేనా? పల్లెల్లో జనం సబ్‌సెంటర్లను వాడుకోవడం లేదని ప్రొఫెసర్ గారు ముందే తేల్చేసుకున్నారు, నేనలా రాస్తే ఆయన మాటకు సరిగ్గా సరిపోతుందని తెలియకనా? తెలిసే రాశాను.

ఆ ఫారాలు చూసి షమీమ్ గారు నా గదికి వచ్చారు.

"ఇదేంటి సార్? తాళమేసుంటే తాళమని రాయాలి గానీ, వెళ్ళరని ఎట్టా రాస్తామండీ?"

"పెద్ద తేడా ఏం రాదులెండి."

"రాకపోవడమేంటి సార్! చివరింటి నాగమణిని నర్సమ్మ గట్టు మీద చూస్తుంటే మనిద్దరం పక్కనే ఉన్నాం కదండీ. రేపు ఇది చదివి ఆ నర్సమ్మని అక్కణ్ణించి తీసేస్తే?"

"ఒక వ్యాసం చూసి ఎవరూ దేన్నీ తీసెయ్యరమ్మా. మీకన్నీ అనుమానాలే."

"అయితే నా పేరు తీసెయ్యండి సార్."

తీసేశాను. ఛీ, ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. ఆ రోజు మాత్రం పీడ వదిలిందనుకున్నాను.

పగలు తాళం ఉన్న ఇంటిని సెంటరుకు వెళ్ళని ఇంటి కింద లెక్కగట్టడం అదో పద్ధతి అన్నట్టు వ్యాసం అచ్చయింది. ప్రొఫెసర్ గారు దాన్ని ఏదో కమిటీ ముందు పెట్టారు. జనం వాడుకోని సెంటర్లెందుకని కమిటీవాళ్ళు అన్నారు. నర్సమ్మను రోడ్డు మీది పెద్ద ఊరికి మార్చారు. ఆ మరుసటి ఏడు ముసురు రోజుల్లో నాగమణికి రెండో కాన్పు వచ్చింది. రోడ్డుకెళ్ళే డొంక మునిగింది. ఊళ్ళో చూసే దిక్కు లేదు. తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. షమీమ్ గారు కాలేజీకి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, ఈ సంగతి చెప్పి వెళ్ళిపోయారు. నాలుగు తిట్టినా బాగుండేది.

నేను మాత్రం పెరిగాను. ప్రమోషన్లు, సెమినార్లు, శాలువాలు. ఏ జిల్లాకు వెళ్ళినా ఎవరో ఒకరు ఎదురొచ్చి, "మీ పద్ధతే వాడాం సార్" అంటారు. ఎన్ని ఊళ్ళల్లో వాడారు? అక్కడ ఎన్ని సెంటర్లు మూసేశారు? అవేవీ అడగను. నవ్వి తలూపుతాను. పోయిన వారం కూడా ఒకాయన కొత్త సర్వే కాగితాలు పంపించి, తాళాల ఇళ్ళను మీలాగే వెళ్ళనివాళ్ళ లెక్కలో వేశానని రాశాడు. వద్దు, ఆపండి, అది అబద్ధం అని ఆయనకు జవాబు రాశాను. ఆ చేత్తోనే, నా వ్యాసం తప్పని పత్రికకూ రాశాను. వాళ్ళు వేస్తారో లేదో, అప్పటికి ఆయన కాగితాలు ఎవరి బల్ల మీదికి చేరిపోతాయో, తెలియదు.

షమీమ్ గారిని క్షమించమని అడగను. ఏ ముఖం పెట్టుకుని అడగను? ఉన్నమాట ఒక్కటే ఉంది. నాగమణి సెంటరుకు వెళ్ళదని రాసింది నేను. ఆమెను నేనసలు అడగనే లేదు.