బండ మీద గుండె

నా బిడ్డ ఇంట్ల బండల మీద చాక్‌పీసుతో బొమ్మలు గీస్తుంటే, ఆ వాసనకు అమ్మ యాదికొచ్చింది.

పెండ్లితో ఆగిన చదువును అమ్మ తన ముప్పై ఏండ్ల వయసుల మళ్ళ మొదలుపెట్టింది. తాండూరు నుంచి పొద్దుటి రైలుకు వికారాబాద్ నర్సింగ్ కాలేజీకి పోయేది. ఇంటికొచ్చి, చల్లటి బండల మీద చాక్‌పీసుతో పాఠాల బొమ్మలు గీసుకుంటూ చదివేది.

ఒకనాడు నేను లేచేసరికి నడిమింట్ల పెద్ద ముగ్గు ఉంది. ఏ దేవునిదో అనుకొని, తొక్కకుండ పక్కకు జరిగి, నడుమ కుంకుమ పెట్టి మొక్కిన.

రైలుకు బయలెల్లుతున్న అమ్మ ఆగింది. "గది ముగ్గు కాదు బిడ్డా, మనిషి గుండె. ఇయ్యాల పరీక్షల వస్తదేమో."

"అందరి లోపల గింత మంచిగ ఉంటదా?" నోరెళ్లబెట్టి అడిగిన.

అమ్మ నవ్వలేదు. సంచి పక్కన పెట్టి, తానూ వంగి ఆ గుండెకు మొక్కింది.

ఆ పరీక్షంటే ఆమెకు ఎంత భయముండెనో, ఆ వయసుకొచ్చినంక ఇప్పుడు తెలుస్తుంది.