దమ్ముందని చెప్పింది

మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న కొత్తల్లో, అక్కడికి దగ్గర్లోని పది మంచాల నర్సింగ్‌హోంలో నర్సుగా చేరాను. మాది గోదావరి వైపు. సిటీకి వచ్చి రెండు నెలలు కూడా కాలేదు.

ఒకరోజు పొద్దున్నే, పాలమూరు నుంచి కూలికి వచ్చిన ఒకాయన్ని భార్య పట్టుకొచ్చింది. సెంట్రింగ్ చెక్క మీంచి జారిపడి మణికట్టు విరిగింది. నొప్పికి పళ్లు బిగబట్టి కూర్చున్నాడు. డాక్టరుగారు వచ్చేలోగా వివరాలు రాసుకోవడం నా పని.

"ఇదివరకు ఏమైనా జబ్బులున్నాయాండి?" అని ఆమెను అడిగాను.

"ఆయనకు దమ్ముందమ్మ."

మా వైపు దమ్ము అంటే చుట్టో సిగరెట్టో లాగడం. "ఎప్పట్నుంచి?" అన్నాను.

"చిన్నప్పటి సంది."

చిరాకేసింది. "ఇన్నేళ్లయినా మానలేదా?"

"ఎంత జేసినా మాన్తలేదమ్మ," అంది, తప్పు తనదే అన్నట్టు.

పొగతాగే అలవాటు ఉందని రాశాను. డాక్టరుగారు ఆ కాగితం చూసి, ఇంకేమీ అడక్కుండా నొప్పికి ఇంజెక్షన్ రాశారు. నేనే ఇచ్చాను.

పావుగంట కాలేదు. ఆయన మంచం అంచు పట్టుకుని ముందుకు వంగిపోయాడు. ఛాతీలోంచి పిల్లికూతలు. పెదాలు నీలంగా మారుతున్నాయి. నేల తుడుస్తున్న ఆయా, లింగంపల్లి నుంచి వచ్చే పెద్దావిడ, చేతిలో గుడ్డ వదిలేసి లేచింది.

"దమ్ము లేచింది సిస్టర్. సార్‌ను జల్ది పిలువు."

"దమ్మేంటి?"

"ఊపిరాడని బిమారి. గది గూడ తెల్వదా?"

ఆయన భార్య నా వైపు తిరిగింది. "ముందే చెప్పిన గదమ్మ," అంది. అరవలేదు.

డాక్టరుగారి గది దాకా ఎలా పరుగెత్తానో గుర్తులేదు. ఆక్సిజన్ పెట్టారు, ఇంజెక్షన్లు వేశారు. గంట తర్వాత గానీ ఆయన గోడకు ఆనుకుని మామూలుగా ఊపిరి తీసుకోలేకపోయాడు. నేను రాసిన కాగితం పట్టుకుని డాక్టరుగారి ముందు నిలబడి జరిగింది చెప్పాను.

"ఉబ్బసం ఉన్నవాళ్లలో కొందరికి ఆ నొప్పి మందు పడదమ్మా. నేనూ అడగాల్సింది," అన్నారు. తిడితే బాగుండుననిపించింది.

సాయంత్రం ఆయన భార్య దగ్గరికి వెళ్లాను. మీరు చెప్పింది నాకు వేరేగా అర్థమైంది, తప్పు నాది అన్నాను. ఆమె చెంగుతో మొహం తుడుచుకుంది.

"గిట్ల ఇంకో దవాఖానకు పోతె ఏమని చెప్పాల్నమ్మ?"

ఏమంటుందోనని ఎంతో భయపడ్డాను గానీ, ఆమె ఇలా అడుగుతుందని అనుకోలేదు.

"ఆయాసం అనండి. ఉబ్బసం అన్నా తెలుస్తుంది."

"ఉబ్బసం," అంది. మళ్లీ అంది. నిద్రపోతున్న భర్త వైపు చూస్తూ, పెదాలు మాత్రమే కదిలేలా మూడోసారి అనుకుంది. పుట్టినప్పటి నుంచి పలికిన మాటను ఆమె నా కోసం మార్చుకుంటోంది. నేను తలెత్తలేకపోయాను.