మగ్గం గుంట పక్కన చదివిన మధ్యాహ్నం

యాభై ఏళ్ళుగా డైరీ రాస్తున్నాను. వానలు, బస్సుల ఆలస్యాలు, ఎవరింటికి వెళ్ళాను, ఎవరు పోయారు, అన్నీ అందులో ఉంటాయి. దెయ్యం అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. ఉద్యోగంలో ఉండగా శ్మశానం గోడ పక్క క్వార్టర్లో ఏళ్ళ తరబడి కాపురం చేశాం. ఎవరైనా ఇలాంటి సంగతి మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకాన్ని. అలాంటివాణ్ణి, పేర్లు మార్చి ఇది రాస్తున్నాను.

కిందటేడు మా అక్కయ్యకు కంటి వెనక పొర ఊడిపోయింది. రెండో కన్ను ఎప్పుడో పోయింది. ఉన్నది ఆ ఒక్కటే. విజయవాడలో ఆపరేషన్ చేసి కంట్లోకి గాలిబుడగ ఎక్కించారు. ఆ బుడగ పొరను నొక్కి అతికించాలంటే మనిషి బోర్లా పడుకునే ఉండాలి. తిండికీ బాత్రూంకీ తప్ప లేవకూడదు. వెల్లకిలా తిరిగితే చేసిందంతా వృథా. ఇంత జాగ్రత్త పడ్డా చూపు వస్తుందన్న ఆశ సగమేనని డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి చెప్పారు. ఆ మాట అక్కయ్యకు చెప్పలేదు. డైరీలో రాసుకున్నాను.

పటమటలో మా ఇంటికి రమ్మంటే వినలేదు. బందరు వైపు నేతకారుల వీధిలో ఉన్న తన ఇంటికే వెళ్తానంది. ఆవిడ కూతురు పద్మ ఉయ్యూరులో టీచరు. పొద్దున వెళ్తే సాయంత్రానికి వస్తుంది. అందుకని పగటి కాపలా నాది.

ఆ ఇంటి నడిమింట్లో ఒకప్పుడు నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దింపుకుని నేసే గుంట మగ్గం ఉండేది. అక్కయ్య మామగారు పోయాక మగ్గం విప్పేసి, గుంట పూడ్చి, పైన టైల్స్ వేశారు. చల్లగా ఉంటుందని మంచం అక్కడే వేశాం.

ఆవిడకు పొద్దు పోవాలని సెల్‌లో ప్రవచనం పెట్టాను. దిండులోంచే కసిరింది.

"ఆపరా ఆ గోల. అటక మీద పుస్తకం ఉంది, తీసి చదువు. ఆఫీసు ఫైలు చదివినట్టు మనసులో కాదు, పైకి చదువు."

అట్టలు ఊడిపోయిన పాత అచ్చు పుస్తకం అది. పురాణ కథ. మాటకూ మాటకూ మధ్య ఖాళీ లేకుండా వరసగా అచ్చువేశారు. కళ్ళతో చూస్తే ముక్క అర్థం కాదు. నోటితో పలికితే మాటలు వాటంతటవే విడిపోతాయి. వెనకటి రోజుల్లో చదవడమంటే ఇదేనంది అక్కయ్య. అక్షరం వచ్చినవాడు వీధికి ఒకడు, వినేవాళ్ళు పదిమంది. పెదవి కదపకుండా చదివితే మంత్రాలేమైనా వేస్తున్నాడేమోనని అనుమానపడేవాళ్ళట.

ఆవిడ కొత్తకోడలిగా ఈ ఇంట్లో తలుపు చాటున కూర్చుని చదివేది. మామగారు నేస్తూ వినేవారు. ఆయనకు అక్షరం ముక్క రాదు.

"ఆయన నాతో మాట్లాడింది ఎప్పుడురా? ఊ కొట్టేవారు, అంతే. విసుగొచ్చి నాలుగు వరసలు దాటేశానో, ఊ ఉండేది కాదు. పడుగులో అటూ ఇటూ ఆడే నాడె కూడా ఆగిపోయేది. వెనక్కెళ్ళి చదివితేగానీ మగ్గం కదిలేది కాదు."

"అక్షరం రాని మనిషికి నువ్వు దాటేసింది ఎలా తెలిసేది?"

"అదే నాకూ తెలీదు. నువ్వు చదువు."

రెండు రోజులు అలాగే గడిచాయి. నేను గోడవార కుర్చీలో కూర్చుని చదవడం, ఆవిడ సన్నటి గొంతుతో ఊ అనడం.

మూడో రోజు భోజనాలయ్యాక మళ్ళీ మొదలుపెట్టాను. బయట ఎండ మండిపోతోంది. ఫ్యాను తిరుగుతోంది. కొంతసేపటికి అక్కయ్య ఊపిరి బరువెక్కింది. గురక పట్టిందనుకున్నాను. ఊ మాత్రం ఆగలేదు.

అది ఆవిడ గొంతు కాదని గ్రహించడానికి నాకు ఒక పేజీ పట్టింది. బరువైన, మగవాళ్ళ గొంతు. మంచం మీద నుంచి కాదు, కింద నుంచి వస్తోంది. టైల్స్ కింద నుంచి.

చదవడం ఆపేశాను. అప్పుడు చూశాను, అక్కయ్య భుజం మెల్లగా లేస్తోంది. మనిషి పక్కకు తిరుగుతోంది. "అక్కయ్యా, తిరగకు!" అని అరిచాను. వినిపించుకోలేదు. లేచి పట్టుకుందామంటే కాళ్ళు నేలకు అతుక్కుపోయినట్టున్నాయి. పక్షవాతమేమో అనిపించింది. నోరు ఒక్కటే నా స్వాధీనంలో ఉంది. భయంతో తర్వాతి వరస చదివేశాను. భుజం మంచానికి ఆనింది. కింద నుంచి ఊ అని వినపడింది.

ఇక ఆపలేదు. గొంతు బొంగురుపోయినా చదివాను. కానీ పుస్తకం చివరి కాగితాలు ఎప్పుడో చిరిగిపోయాయి. కథ మధ్యలోనే ఆగిపోయింది. భుజం మళ్ళీ కదిలింది. చేతికి అందింది జేబులో డైరీ ఒక్కటే. దాన్నే చదవడం మొదలుపెట్టాను. సంవత్సరాది నుంచి. వాన పడలేదు. ఊ. కరెంటు పోయింది. ఊ. హనుమాన్ జంక్షన్‌లో బస్సు చెడిపోయింది, టీ తాగాను. ఊ.

నా బతుకులో ఇంత చప్పటి సంగతుల్ని అంత శ్రద్ధగా విన్నవాళ్ళు ఎవరూ లేరు. అందుకే మరింత భయం వేసింది.

డాక్టరుగారి మాట రాసుకున్న చోటు వచ్చింది. అక్కయ్య చెవిన పడకూడదని దాటేసి, కింది వరస చదివాను.

ఊ రాలేదు.

ఇంకో వరస చదివాను. రాలేదు. అక్కయ్య భుజం లేచింది, తల దిండు మీద నుంచి పైకి వస్తోంది. వెనక్కెళ్ళి ఆ మాట ఉన్నదున్నట్టు చదివాను. తల దిండులోకి దిగింది. ఊ అని వినపడింది. ఈసారి కొంచెం మెల్లగా.

వాకిట్లో పద్మ స్కూటీ ఆగిన చప్పుడయ్యేదాకా చదువుతూనే ఉన్నాను. ఆ పిల్ల "ఏంటి మామయ్యా, ఇంత చెమట!" అంటూ లోపలికి రాగానే నా కాళ్ళు కదిలాయి.

కాఫీ తాగడానికి తల వంచుకునే లేచి కూర్చుంది అక్కయ్య. మొదటి మాట ఇదీ: "ఆశ సగమేనన్నాడా డాక్టరు? నా దగ్గర దాచావేం?"

"నువ్వు నిద్రపోలేదా?"

"నిద్రెక్కడిది? అంతా విన్నాను. నువ్వే చదువుకుని నువ్వే ఊ కొట్టుకుంటున్నావు, ముసలాడికి మతిపోయిందనుకున్నా."

"మరి నువ్వు ఊ అనలేదేం?"

"ఎలా అననురా? నా తల పట్టుకుని దిండుకి అలా అదిమి కూర్చుంటేనూ! ఊపిరాడలేదు. చదవడం ఆపినప్పుడల్లా చెయ్యి కాస్త వదులయ్యేది. తిరుగుదామనుకునేసరికి మళ్ళీ నొక్కేవాడివి. ఎంత బలంరా నీ చేతికి!"

ఆ మధ్యాహ్నమంతా నా రెండు చేతుల్లోనూ ముందు పుస్తకం, తర్వాత డైరీ ఉన్నాయి. గోడవార కుర్చీకీ మంచానికీ మధ్య మనిషి పడుకునేంత దూరం ఉంది.

డాక్టరుగారు చూసి పొర అతుక్కుందన్నారు. అక్కయ్యకు చూపు వచ్చింది. ఆ చెయ్యి ఆవిడ కన్ను నిలబెట్టడానికి పట్టుకుందో, చదువు ఆగకుండా పట్టుకుందో నాకు తెలియదు. ఎన్ని రకాలుగా ఆలోచించినా లెక్క తేలలేదు.

పలకరించడానికి వచ్చిన వాళ్ళందరికీ అక్కయ్య చెబుతుంటుంది, "మా తమ్ముడు తల పట్టుకోబట్టి నా కన్ను దక్కింది" అని. నేను పక్కనే కూర్చుని తల ఊపుతాను. కాదని చెప్పలేను. చెబితే, పద్మ బడికి వెళ్ళాక, అది తెలిసి ఆ నడిమింట్లో పగలంతా ఆవిడ ఒక్కతే ఉండాలి.