ముక్కు మీద మసి

దెయ్యాలూ మంత్రాలూ అంటే నాకు మొదటినుంచీ నవ్వే. బర్మాలో, యాంగాన్‌ నగరంలోని తామ్వే పేటలో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు నాది. ఏది పాడైనా లోపల ఏదో ఒక కారణం ఉంటుంది, విప్పి చూస్తే దొరుకుతుంది. ఇప్పటికీ నా నమ్మకం అదే. ఈ ఒక్క సంగతే ఎంత విప్పినా దొరకలేదు.

మా మేనత్త నూకాలు అదే ఊళ్లో పజుండౌంగ్ పేటలో పూలు అమ్ముతుంది. దిష్టి తీస్తుంది, పోయిన వస్తువులకి అంజనం వేస్తుంది. మన తెలుగువాళ్లే కాదు, బర్మావాళ్లూ వస్తారు. నేనేమో ఎదురుకాళ్లతో పుట్టాను. అలా పుట్టినవాళ్లు తొక్కితే పట్టేసిన నడుం వదులుతుందంటారు. చిన్నప్పుడు మా వీధిలో నేను తొక్కని నడుం లేదు. అంజనంలో కనపడేదీ అలాంటివాళ్లకేనట. అందుకే తన విద్య నాకు అప్పగించాలని అత్త ఆశ.

నమ్మకం లేదు గానీ నాకు ఆసక్తి బోలెడు. ఆదివారాలు వెళ్లి నేర్చుకునేదాన్ని. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి మసి పట్టాలి. దాన్ని నెయ్యితో నూరి తమలపాకు మీద రాయాలి. నిగనిగలాడే ఆ నల్ల మచ్చలోకి చూస్తూ, కనపడింది కనపడినట్టు చెప్పాలి. మనకి కావాల్సింది చెప్పకూడదు. ఎన్నిసార్లు చూసినా నాకు నా ముక్కే కనిపించేది. ముక్కు పారేసుకున్నవాళ్లెవరైనా వస్తే నన్ను పిలవమని అత్తని ఆటపట్టించేదాన్ని.

ఆ ఎండాకాలం మా అమ్మ తప్పిపోయింది. ఆమెకి మతిమరుపు జబ్బు. ఒక్కోరోజు నా పేరు కూడా గుర్తుండదు. పొద్దున్న గుమ్మంలో కూర్చున్న మనిషి, నేను టీ పెట్టి తెచ్చేసరికి లేదు. వీధులన్నీ తిరిగాం. ఫొటో అందరికీ పంపాను. మర్నాడు తెల్లారినా కబురు లేదు. బతికుందో లేదో తెలియదు. అప్పుడు అత్త తమలపాకు పట్టుకొచ్చింది. ఒళ్లు మండిపోయింది నాకు. అయినా చూశాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు మరి.

ముందు నా ముక్కే. ఇంకా కిందికి వంగాను. బోర్లించిన కుండల వరసలు. వాటి పక్కన, బుగ్గలకి థనఖా పూసుకున్న ఒక ముసలావిడ. థనఖా అంటే ఇక్కడి ఆడవాళ్లు చలవకి అరగదీసి రాసుకునే చెక్క. మా అమ్మకి పసుపే తప్ప అది జన్మలో అలవాటు లేదు.

"అమ్మ కాదత్తా. ఎవరో బర్మావిడ."

"మరెందుకు ఏడుస్తున్నావేటే?" అంటూ అత్త నా ముక్కుకి అంటిన మసి కొంగుతో తుడిచింది.

కుండలంటే నది అవతలి ట్వంటే ఊరే అని యాంగాన్‌లో ఎవరైనా చెబుతారు. నా బుర్రలో ఉన్నదే నాకు కనపడిందనుకుంటూనే అత్తతో బస్సెక్కాను. నది దాటి అంతదూరం, చిల్లిగవ్వ లేకుండా అమ్మ ఎలా వెళుతుంది?

కుండల బట్టీ ఉన్న ఒక ఇంటి ముందు, ఆరబెట్టిన కుండల పక్కన అమ్మ కూర్చుని ఉంది. బుగ్గలకి థనఖా. ముందురోజు సాయంత్రం ఆ ఊరి బస్సుల దగ్గర తిరుగుతుంటే దో మ్యా అనే ఆ ఇంటావిడ తీసుకొచ్చి అన్నం పెట్టిందట. మొహం ఎండకి కందిందని పొద్దున్నే థనఖా రాసిందట. సరే, ఇదంతా కాకతాళీయమే అనుకుందాం. నేను అమ్మ ఒళ్లో పడి ఏడ్చాను.

అమ్మ నా గడ్డం పట్టుకుని చూసింది. చాన్నాళ్లకి పేరు పెట్టి పిలిచింది.

"లచ్చిమీ, పొద్దున్న అలా నా మీదకి ఒంగి చూసి ఎల్లిపోనావేటే? పిలిస్తే పలకవు. ముక్కుకి ఆ మసేటి?"

అత్తా నేనూ ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ముక్కు తడుముకున్నాను. శుభ్రంగానే ఉంది.

ఆకులో నేను అమ్మని చూడటానికి ఏదో ఒక కారణం చెప్పుకోగలను. అమ్మ నన్ను చూడటానికి ఈరోజుకీ చెప్పుకోలేకపోతున్నాను. ఆదివారాలు ఇంకా అత్త దగ్గరికి వెళుతూనే ఉన్నాను. కాకపోతే, ఆకు చేతిలోకి తీసుకునే ముందు ఇప్పుడు మొహం కడుక్కుని తల దువ్వుకుంటాను. అవతల ఎవరు చూస్తుంటారో ఏం తెలుసు?