గడియారం మీద ఓటు

అత్తయ్య పోయాక మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఆవిడ ఉన్నన్నాళ్లూ పత్తికి మందు ఎప్పుడు కొట్టాలన్న దగ్గర్నుంచి చర్చిలో మైకు ఎందుకు గీపెడుతోందన్న దాకా మావయ్యా, ఆవిడా ప్రతిదానికీ వాదించుకునేవాళ్లు. భూస్థాపన అయిన మర్నాటి నుంచి ఆయన వరండాలో కుర్చీకి అతుక్కుపోయారు. "అన్నం పెట్టమంటారా మావయ్యా?" అంటే తల ఊపడమే. పలకరించడానికి వచ్చిన స్నేహితులతోనూ అంతే. మా ఆయన చీమకుర్తిలో గ్రానైట్ కోసే యూనిట్‌లో సూపర్‌వైజరు. శనివారం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్లిపోతాడు. మిగతా రోజులు ఇంట్లో మావయ్యా, నేనూ మాత్రమే.

నేను అంతకుముందు ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. అది మానేశాక ఇంటి దగ్గరే అనువాదాలు చేస్తున్నాను. ఆ వర్షాకాలంలో అమెరికాలోని ఒక రాష్ట్రం ఓటర్లకు పంచే పుస్తకం నా చేతికి వచ్చింది. అక్కడ స్థిరపడి ఓటు తెచ్చుకున్న తెలుగువాళ్ల కోసం దాన్ని తెలుగులో కూడా ఇస్తారట. రాష్ట్రం మొత్తానికి జరిగే ఎన్నికలు అవి. గవర్నరు దగ్గర్నుంచి ఏయే పదవులకు పోటీ ఉందో, ఏ పదవిలో ఉన్నవాళ్లు ఏం పని చేస్తారో ముందు పేజీల్లో ఉంది. ఆ తర్వాత ప్రతిపాదనలు. అవి మనుషులకు వేసే ఓట్లు కావు. ఫలానా చట్టం కావాలో వద్దో జనమే 'అవును' అనో 'కాదు' అనో తేల్చేవి.

రాసిన పేజీని పైకి చదువుకోవడం నాకు అలవాటు. కళ్లకు కనబడని తప్పులు చెవికి దొరుకుతాయి. ఆ సాయంత్రం కిటికీ పక్కన కూర్చుని చదువుకుంటున్నాను.

"'అవును' అని ఓటు వేస్తే, ఏటా రెండుసార్లు గడియారాలను ఒక గంట ముందుకు, మళ్లీ ఒక గంట వెనక్కు మార్చే పద్ధతి రద్దవుతుంది. 'కాదు' అని ఓటు వేస్తే, ఇప్పుడున్న పద్ధతే కొనసాగుతుంది."

"ఏందమ్మా అది?"

వరండాలోంచి మావయ్య గొంతు. ఉలిక్కిపడ్డాను. ఆయన తనంతట తాను నన్ను ఒక మాట అడిగి ఎన్నాళ్లయిందో.

బయటికి వెళ్లి చెప్పాను. అక్కడ ఎండాకాలం వస్తోందంటే గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారనీ, చలికాలం ముందు వెనక్కి జరుపుతారనీ, ఇకమీదట అలా చెయ్యాలా వద్దా అని ఓటు పెట్టారనీ.

ఆయన కాసేపు నా ముఖంలోకి చూశారు. "గడియారం తిప్పడానికి ఓటా? మరి గేదెలకి ఎవరు చెప్తారు, రేపట్నించి గంట ముందే పాలియ్యాలని?"

అని, నవ్వారు. ముందు చిన్నగా, తర్వాత భుజాలు ఊగేలా. దగ్గు వచ్చేదాకా నవ్వారు. మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లి, గ్లాసు పట్టుకుని వంటింట్లోనే కాసేపు నిలబడిపోయాను. నా కళ్లు ఆయనకు కనబడకూడదని.

మర్నాడు పని మొదలుపెట్టేసరికి కుర్చీ లోపలికి తెచ్చుకుని నా బల్ల పక్కన వేసుకున్నారు.

"ఇవాళ ఏం వచ్చింది?"

ఆ రోజు వచ్చింది బీమా కమిషనర్ పదవి.

"బీమా ఆఫీసర్ని కూడా జనమే ఎన్నుకుంటారా?" మావయ్య ముందుకు వంగారు. "మనకీ ఆ ఓటు ఉంటే ఎట్టుండేదమ్మా! పంట పోయిన ఏడు ఆ ఆఫీసు చుట్టూ తిరగలేక చచ్చాం. మనకేమో రెండే బటన్లు, ఒకటి ఎమ్మెల్యేకి, ఒకటి ఎంపీకి. అయిపోయె."

అప్పట్నుంచి ప్రతి పేజీ ఆయన వినాల్సిందే. అర్థం కాకపోతే "మళ్లీ చదువు" అనేవారు. నేనూ వాక్యం విరిచి రెండు చేసేదాన్ని. ఒక ప్రతిపాదనలో 'అవును' అంటే పాత చట్టం ఉంటుందో పోతుందో తెలియక ఇద్దరం గంటసేపు కొట్టుకున్నాం. పల్లెటూళ్ల లైబ్రరీలు సాయంత్రాలు కూడా తెరిచి ఉంచడానికి కొంచెం పన్ను వెయ్యాలన్న ప్రతిపాదన ఆయనకు బాగా నచ్చింది. "దీనికి నా ఓటు" అన్నారు, పక్క గదిలోనే పోలింగ్ బూత్ ఉన్నట్టు.

ఒకరోజు పాలప్యాకెట్ కోసం సెంటర్‌కి వెళ్తే టీకొట్టు దగ్గర ఆయన గొంతు వినిపించింది. ఇంట్లోంచి ఎప్పుడు బయల్దేరారో నాకు తెలియదు.

"ఒరేయ్, అక్కడ ఖజానా చూసేవాణ్ణి కూడా జనమే ఎన్నుకుంటార్రా!"

"నీకెవడు చెప్పాడ్రా?"

"ఎవడో చెప్పేదేంది? ఆ పుస్తకం తెలుగులో రాస్తంది మా కోడలే."

నేను కనబడకుండా రెండో వీధిలోంచి ఇంటికి వచ్చేశాను.

చివర్లో ఓటు ఎలా వెయ్యాలో చెప్పే పేజీ వచ్చింది. మీరు ఎవరికి ఓటు వేశారో ఎవరికీ చెప్పనక్కర్లేదు అని చదివాను. నేను తర్వాతి వాక్యం మొదలుపెట్టబోతుంటే మావయ్య అన్నారు:

"మీ అత్తయ్య కూడా ఎప్పుడూ చెప్పలేదు. పెళ్లయిన కాణ్ణించీ అడుగుతూనే ఉన్నా. బూత్ దాకా పోట్లాడుకుంటా పోయేవాళ్లం. బయటికొచ్చాక 'ఎవరికేశావే?' అంటే, 'వేశాలే ఎవరికో ఒకరికి' అని నవ్వేది. ఆ పూట కూర మాత్రం నాకిష్టమైందే వండేది." నా వైపు తిరిగారు. "పోయిన ఎలక్షన్లకి నువ్వే కదా బండి మీద తీసుకెళ్లింది. నీకేమన్నా చెప్పిందా?"

చెప్పారు. తిరిగి వస్తుంటే వెనక నుంచి నా భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గర చెప్పారు. ఆయనకు అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు.

"చెప్పారు మావయ్యా."

ఆయన ముఖంలో ఆత్రం కనబడింది. పెదవులు కదిలాయి. తర్వాత చెయ్యి అడ్డంగా ఊపారు.

"వద్దులే. చెప్పమాక. నాకు చెప్పాలనుకుంటే తనే చెప్పేది." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. "నీకైనా చెప్పుకుంది. అది చాలు."

ఆ తర్వాత పని సాగలేదు. చీకటి పడేదాకా ఆయన అత్తయ్య గురించే చెప్పారు. పెళ్లయిన కొత్తలో మిరపకాయలు కోసి చేతులు మండుతుంటే నిద్రపోకుండా కీర్తనలు పాడేదట. పాస్టరుగారి ప్రసంగంలో తప్పు పట్టి, చర్చి బయటే ఆయన్ని నిలదీసిందట. నేను ఎప్పుడూ విననివి అవి. ఆవిడ పోయాక ఆమె ఊసు ఆయన నోట రావడం అదే మొదలు.

ఊళ్లో పత్తితీతలు జోరుగా సాగుతున్నప్పుడు అక్కడ ఓట్లు పడ్డాయి. లెక్కింపు చాలా రోజులు నడిచింది. "తేలిందా?" అని పొద్దున్నే అడిగేవారు. నేను ఫోన్లో చూసి చెప్పేదాన్ని. గడియారాల ప్రతిపాదన గెలిచింది. లైబ్రరీలది కొద్దిలో ఓడిపోయింది. ఆ పూట మావయ్య అన్నం సరిగా తినలేదు.

"అంత మంచిది ఎట్టా ఓడిపోయిందమ్మా?"

"పన్నంటే ఎక్కడైనా భయమే కదా మావయ్యా. జనం సంతకాలు పోగు చేసి దాన్ని మళ్లీ ఓటుకు పెట్టుకోవచ్చంట."

"పెడతారులే" అని ఆయనే ధైర్యం చెప్పుకున్నారు.

ఆ వారమే నాకు కొత్త పని వచ్చింది. వాషింగ్ మెషీన్‌తో పాటు ఇచ్చే పుస్తకం. నేను కంప్యూటర్ తెరిచేసరికి ఆయన టీ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఇందులో ఓట్లేం లేవు మావయ్యా. బట్టలుతకడమే."

"అయితే ఏందిలే, చదువమ్మా" అన్నారు.